పావలా వేస్తే కదిలే బండి

చాండ్లర్‌లో ఉండే తెలుగువాళ్ళని ఏం చేస్తుంటారని అడిగితే ఎక్కువమంది చిప్పుల పేరో సాఫ్ట్‌వేర్ పేరో చెబుతారు. 1980లో ఇంటెల్ ఈ ఊరికి వచ్చింది. ఒకప్పుడు పత్తి చేలుగా ఉన్న ఊరి దక్షిణపు కొసన ఇప్పుడు దాని పెద్ద పెద్ద ఫ్యాక్టరీలున్నాయి. వాటి చుట్టూ మన అపార్టుమెంట్లు, మన బిర్యానీ హోటళ్ళు, మన కూచిపూడి క్లాసులు. కానీ ఇదే ఊళ్ళో పొద్దున్నే నాలుగింటికి లేచి గ్రోసరీ స్టోరుకి పనికి వెళ్ళే తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. 2015లో హెచ్-4 వీసా మీద ఉన్న కొందరికి పని చేసుకునే కార్డులిచ్చాక మొదలుపెట్టినవాళ్ళు కొందరు. గ్రీన్‌కార్డు మీద పిల్లల దగ్గరికొచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక వెళ్ళే పెద్దవాళ్ళు కొందరు. ఉద్యోగం పోయి, ఇంకోటి దొరికేదాకా అని చేరినవాళ్ళు ఇంకొందరు. ఫంక్షన్లలో ఎవరైనా అడిగితే వీళ్ళంతా ఒకటే మాట చెబుతారు, "రిటైల్‌లో చేస్తున్నానండీ" అని. ఆ మాట వెనక ఏం పని ఉంటుందో రాద్దామని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. ఎందుకంటే నేనూ ఏడాదిన్నర పాటు ఆ మాటే చెప్పాను.

ఏ కంపెనీ అన్నది చెప్పను. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఈ ఊళ్ళో చవక దుకాణాలు ఒకటి రెండు కాదు, వాటిల్లో పని కూడా ఒకదాన్ని పోలినట్టు ఒకటి ఉంటుంది.

ముందు ఈ చవక ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. ఈ విద్యలో అందరికీ గురువు ఆల్డీ. జర్మనీలో ఎస్సెన్ అనే ఊళ్ళో 1913లో ఒకావిడ తెరిచిన చిన్న కిరాణా కొట్టు అది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఆవిడ కొడుకులు కార్ల్, థియో ఆల్‌బ్రెక్ట్ దాన్ని చేతిలోకి తీసుకున్నారు. సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న దగ్గర అన్నదమ్ములిద్దరికీ పడక వ్యాపారాన్ని ఉత్తరం, దక్షిణం అని పంచుకున్నారు. దక్షిణం వాటా కంపెనీ 1976లో అమెరికాకి వచ్చింది. అరిజోనాకి రావడానికి మాత్రం 2020 దాకా పట్టింది. ఫీనిక్స్ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ ఏడాది చివర్లో మొదటి దుకాణాలు తెరిచారు.

అక్కడికి వెళ్ళినవాళ్ళకి మొదట కనిపించేది బండ్ల వరస. ఒక క్వార్టర్ వేస్తే గొలుసు ఊడి బండి బయటికొస్తుంది, తిరిగి పెడితే మన క్వార్టర్ మనకొచ్చేస్తుంది. డాలర్‌లో పావు వంతు కాబట్టి క్వార్టర్‌కి మన పావలా అన్న పేరు సరిగ్గా సరిపోతుంది. ఆ పావలాతో కంపెనీ ఒక మనిషి జీతం మిగుల్చుకుంటుంది. మామూలు దుకాణాల్లో పార్కింగ్ లాట్ అంతా తిరిగి బండ్లు పోగేసి తోసుకొచ్చే కుర్రాడొకడు ఉంటాడు, ఇక్కడ అతని అవసరం లేదు. 2023లో జూన్ ఆఖరు నుంచి జులై ఆఖరు దాకా ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, అంటే మన లెక్కలో 43 డిగ్రీలు దాటిన ఎండలు కాశాయి. అలాంటి చోట తారు మీద ఇనప బండ్లు తోసే పని లేకపోవడం నాకైతే మంచిదే అనిపిస్తుంది. ఈ లెక్కలో మనిషికి కలిసొచ్చిన పొదుపు ఇదొక్కటే అనుకుంటాను.

మిగతా పొదుపులన్నీ మనిషి ఒంటి మీదుగా వస్తాయి. మామూలు సూపర్ మార్కెట్‌లో 30 వేల రకాల దాకా సరుకు ఉంటుంది, ఆల్డీలో రెండు వేలు కూడా ఉండవు. పది రకాల టొమాటో సాసుల బదులు ఒకటో రెండో, అవి కూడా ఎక్కువగా సొంత పేరు మీదే. డబ్బాలు ఒక్కొక్కటీ తీసి సర్దరు. వచ్చిన అట్టపెట్టె ముందు భాగం చింపేసి పెట్టెతో సహా అరలో పెట్టేస్తారు. సంచుల్లో సర్దిపెట్టేవాళ్ళుండరు, మన సంచి మనమే తెచ్చుకోవాలి. ప్యాకెట్ల మీద బార్‌కోడ్ ఒక్కచోట కాకుండా పెద్దగా నాలుగు పక్కలా ఉంటుంది, కౌంటర్ దగ్గర మనిషి వస్తువుని తిప్పి చూసుకోనక్కర్లేదు. ఒక్కో వస్తువుకి ఒక్క సెకను మిగిలినా రోజు మొత్తానికి ఎంతవుతుందో వేసి చూడండి. ఆ మిగిలిన సెకన్లలో కౌంటర్ మనిషికి విశ్రాంతి ఉండదు, తర్వాతి మనిషి సరుకు వచ్చేస్తుంది.

జర్మనీ ఆల్డీలో బార్‌కోడ్ యంత్రాలు 2000 ప్రాంతం దాకా రాలేదు. అంతకుముందు కౌంటర్లో కూర్చున్నవాళ్ళు సరుకుల అంకెలన్నీ మనం ఎక్కాలు పెట్టినట్టు కంఠతా పట్టేవాళ్ళు. ఆ రోజుల్లో యంత్రం కన్నా మనిషే వేగం అని చెప్పుకునేవారు. ఇప్పటికీ కూరగాయలకి అంకెలు కంఠతా రావాల్సిందే. ఇవి అమెరికాలో దాదాపు అన్ని దుకాణాల్లోనూ ఒకటే. అరటిపండు 4011, కొత్తిమీర 4889, అల్లం 4612, వెల్లుల్లి 4608. పని మానేసి ఇన్నాళ్ళైనా ఎవరైనా అల్లం అంటే నాకు ముందు 4612 గుర్తొస్తుంది, ఆ తర్వాతే టీ.

ఇక పని సంగతి. ఇలాంటి చోట్ల ఒకే పని అని ఉండదు. పొద్దున్న లారీ వస్తుంది. నా ఎత్తు కన్నా ఎత్తుగా పేర్చి ప్లాస్టిక్ కాగితం చుట్టిన ప్యాలెట్లు దిగుతాయి. వాటిని జాక్ మీద లాగి, కత్తితో కోసి, దుకాణం తెరిచేలోపు అరల్లోకి ఎక్కించాలి. అరటిపళ్ళ పెట్టె 18 కిలోలు. పాలు గ్యాలన్ క్యాను దాదాపు నాలుగు కిలోలు, నాలుగు క్యాన్లు ఒక క్రేటు. పొద్దున్న నలభై క్రేట్లు ఖాళీ చేస్తే 600 కిలోల పైమాటే ఎత్తి దింపినట్టు. తర్వాత ఫ్రీజర్. బయట నలభై మూడు, లోపల సున్నాకి పద్దెనిమిది తక్కువ. ఆ రెంటి మధ్యా గంటకి నాలుగుసార్లు తిరిగితే మొదటి నెల ముక్కు, రెండో నెల మోకాళ్ళు మాట వినడం మానేస్తాయి. దుకాణం తెరిచాక కౌంటర్. జనం పల్చబడితే కౌంటర్ మూసి, నేల తుడవడం, అట్టపెట్టెలు నలిపే యంత్రంలో వెయ్యడం, డేటు దాటినవి ఏరి పక్కన పెట్టడం. ఎవరో గుడ్ల అట్ట పడేస్తే పరిగెత్తుకెళ్ళి అదీ శుభ్రం చెయ్యాలి. దుకాణం మొత్తానికి నలుగురైదుగురం. ఒకరు సెలవు పెడితే ఆ పని మిగతావాళ్ళ వీపుల మీదకి వస్తుంది. అందుకే జ్వరం వచ్చినా సెలవడగడానికి మొహమాటం. అరిజోనాలో 2016లో జనమే ఓటేసి తెచ్చుకున్న చట్టం ప్రకారం ప్రతి 30 గంటల పనికీ ఒక గంట జీతంతో కూడిన సిక్ లీవు వస్తుంది. కనీస వేతనం పెంచింది కూడా ఆ చట్టమే. 2017లో గంటకి 10 డాలర్లు, 2025కి 14 డాలర్ల 70 సెంట్లు. ఆ సిక్ లీవు గంటలు చాలామంది ఖాతాలో అలాగే పడుంటాయి. పక్కనున్న మనిషిని ఇరకాటంలో పెట్టి వెళ్ళడానికి మనసొప్పక ఎవరూ వాడుకోరు.

కౌంటర్ దగ్గర వేగం లెక్క ఉంటుంది. గంటకి ఎన్ని వస్తువులు కొట్టామో యంత్రం రాసిపెడుతుంది. వారం చివర ఆ అంకెల కాగితం వెనక గదిలో గోడకి అంటించేవాళ్ళు, పరీక్ష ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టినట్టు. ఒక ముసలాయన వణికే చేతులతో పర్సులోంచి చిల్లర ఒక్కొక్క నాణెం ఏరి ఇస్తుంటే మనసులో రెండు గడియారాలు తిరుగుతాయి. ఒకటి, పాపం పెద్దాయన తొందరేముందని. రెండోది, నా అంకె పడిపోతోందే అని. నాలో నాకు నచ్చనిది ఆ రెండో గడియారం. ఇంటికొచ్చి పప్పు పోపు పెడుతున్నా అది ఆగేది కాదు.

ఇంకో గడియారం నెలది. అరిజోనాలో పేదవాళ్ళకిచ్చే ఆహార సాయం డబ్బు, మన రేషన్ కార్డు లాంటిది, ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి నెలలో 1 నుంచి 13వ తారీఖు దాకా కార్డుల్లో పడుతుంది. ఒకటో తారీఖున ఏ, బీ అక్షరాలవాళ్ళు, పదమూడున వై, జడ్ వాళ్ళు. ఆ పదమూడు రోజులూ దుకాణం కళకళలాడుతుంది. నెలాఖర్లో అదే మనుషులొచ్చి రొట్టె, గుడ్లు, అరటిపళ్ళు కొని, కౌంటర్ దగ్గర ఒకటో రెండో వెనక్కి తీసేయమంటారు. ఏది తియ్యాలో వాళ్ళు ఆలోచించుకుంటుంటే మనం ఎటు చూడాలి అన్నది శిక్షణలో చెప్పరు. నాకు నేర్పింది నాతో పనిచేసిన మెక్సికో ఆవిడ. ఆ సమయంలో కౌంటర్ బెల్టు తుడుస్తున్నట్టు నటించాలి అంది. అంతకన్నా మర్యాద నేనెక్కడా చూడలేదు.

ఆవిడ గురించి ఇంకొంచెం చెప్పాలి. అరవై దగ్గర పడ్డ మనిషి. మోకాళ్ళ నొప్పులు. మా దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడే పని చెయ్యాలి. ఒకరోజు స్టూలు అడిగింది. డాక్టర్ చీటీ తెమ్మన్నారు. తెచ్చింది. మూడు వారాలకి స్టూలు వచ్చింది. ఆ తర్వాత నెలలో ఆవిడ గంటలు 32 నుంచి 22కి తగ్గాయి. స్టూలు అడిగినందుకే అని ఎవరూ అనలేదు, షెడ్యూలు కంప్యూటర్ వేస్తుందన్నారు. ఇక్కడ పెద్ద కంపెనీల్లో వారానికి 30 గంటలు సగటున దాటినవాళ్ళకి ఆరోగ్య బీమా ఇవ్వాలని చట్టం. 22 గంటల మనిషికి ఆ లెక్క వర్తించదు. మోకాళ్ళ కోసం స్టూలు అడిగితే, మోకాళ్ళకి మందిప్పించే బీమా ఎగిరిపోయింది. ఆవిడ సాయంత్రాలు ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది.

కూర్చోవడం ఇంత పెద్ద విషయమా అంటారేమో. ఆల్డీలో కౌంటర్ మనుషుల్ని కూర్చోబెడతారు. జర్మనీ అలవాటే ఇక్కడికీ తెచ్చుకున్నారు. కూర్చుంటేనే వేగం ఎక్కువని వాళ్ళ నమ్మకం. అమెరికా జనం మొదట్లో దాన్ని వింతగా చూశారు. ఇక్కడ చాలాచోట్ల కౌంటర్ మనిషి నిలబడితేనే శ్రద్ధగా ఉన్నట్టు. కాలిఫోర్నియాలో కుర్చీల కోసం వేసిన దావాలో వాల్‌మార్ట్ 2018లో ఆరున్నర కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అదే ఏడాది కేరళ ప్రభుత్వం దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు ఇస్తూ చట్టం మార్చింది. కోళికోడ్ బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చింది అది. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. తమిళంలో 2010లో వచ్చిన 'అంగాడి తెరు' సినిమా మనకి 'షాపింగ్ మాల్' పేరుతో డబ్బింగ్ అయింది. చెన్నై టీ నగర్ కొట్లలో పొద్దుణ్ణుంచి రాత్రి దాకా నిలబడే పిల్లల కథ. చూసినవాళ్ళకి ఈ సంగతి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

మన దగ్గర కూడా చవక దుకాణాల కథ చిన్నదేమీ కాదు. చెన్నైలో 1997లో మొదలైన సుభిక్ష హైదరాబాదు వీధుల్లోకి కూడా వచ్చింది. ఏసీ లేదు, ఆర్భాటం లేదు, ధర తక్కువ. దేశమంతా కలిపి 1600 దుకాణాల దాకా పెరిగి, అప్పు పుట్టక 2009లో చప్పున మూతపడింది. వేలమంది కుర్రాళ్ళు, ఆడపిల్లలు జీతం బాకీలతో రోడ్డున పడ్డారు. 2002లో ముంబైలో మొదలైన డీమార్ట్ ఇంకో దారి పట్టింది. వీలైనంతవరకు సొంత భవనాలు కొనుక్కోవడం, సరుకు పంపినవాళ్ళకి త్వరగా డబ్బు కట్టి ధర తగ్గించుకోవడం. అందుకే అది నిలబడింది. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఆదివారం సాయంత్రం డీమార్ట్‌లో ఆ జనం మధ్య అరలు సర్దే అమ్మాయిల్ని ఇప్పుడు నేను ఇదివరకటిలా చూడలేను. వంగినప్పుడు నడుం మీద చెయ్యి వేసుకున్నారా లేదా అని చూస్తాను.

చాండ్లర్ సంగతి చెబుతూ బాషా కుటుంబాన్ని వదిలేస్తే తప్పవుతుంది. పేరు వినగానే మీకు రజనీకాంత్ గుర్తొస్తే అది మీ తప్పు కాదు. వీళ్ళు లెబనాన్ నుంచి వచ్చినవాళ్ళు. 1932లో ఐక్, ఎడ్డీ అనే అన్నదమ్ములు చాండ్లర్‌కి దక్షిణంగా పత్తి కూలీలుండే గుడ్‌ఇయర్ అనే చిన్న ఊళ్ళో కొట్టు పెట్టారు. టైర్ల కంపెనీ తన టైర్లలోకి కావలసిన పత్తి పండించుకోవడానికి వెలిసిన ఊరు కాబట్టి ఆ పేరు. ఇప్పుడా ఊరు లేదు, ఆ పక్కనే చిప్పుల ఫ్యాక్టరీలున్నాయి. ఆ కొట్టు 'బాషాస్' అనే గొలుసు దుకాణమైంది. 1993లో 'ఫుడ్ సిటీ'ని కొని, మెక్సికో కుటుంబాలకి అందుబాటు ధరల దుకాణాలుగా పెంచారు. 2009లో దివాలా కోర్టుకెక్కి, బయటపడి, చివరికి 2021లో కాలిఫోర్నియా కంపెనీ రేలీస్‌కి అమ్మేశారు. ఎక్కణ్ణుంచో వలసొచ్చి, కిరాణా కొట్టు పెట్టి, ఈ ఊరికి తిండి పెట్టినవాళ్ళు వాళ్ళు. ఇక్కడ కిరాణా పని అంటే చిన్నతనమేమీ కాదు. ఎడ్డీ బాషా కొడుకు, ఆయన పేరూ ఎడ్డీయే, 1994లో అరిజోనా గవర్నర్ పదవికి పోటీ చేసి ఓడిపోయాడు కూడా.

చిన్నతనమంతా మన బుర్రలోనే ఉంది. పనిలో చేరిన వారానికి మా అమ్మకి ఫోన్లో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "కిరాణా కొట్లోనా? ఎమ్మెస్సీ చదివి కిరాణా కొట్లోనా? సరేలే, మీ పెద్దనాన్నవాళ్ళకి చెప్పకు," అంది. గుళ్ళో ఎప్పుడూ నవ్వుతూ పలకరించే ఒకావిడ ఓ రోజు నా వరసలోకి వచ్చి, నన్ను చూసి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కెళ్ళి పక్క వరసలో నిలబడింది. ఆవిడ నన్ను అవమానించాలనుకోలేదు, నాకు ఇబ్బంది కలిగించకూడదనే అనుకుంది. అదే బాధ. ఇంకో రోజు కాలేజీ పిల్లాడొకడు నా పేరు బిళ్ళ చూసి, "ఆంటీ, మీరు తెలుగువాళ్ళా? కరివేపాకు దొరకదా ఇక్కడ?" అని గట్టిగా అడిగాడు. దొరకదు బాబూ, ఇండియన్ స్టోరుకి వెళ్ళాలి అన్నాను. ఆ రోజంతా నేను తేలిగ్గా పనిచేశాను.

ఇన్ని చెప్పాక చవక దుకాణాల్లో కొనకండి అంటానేమో అనుకుంటున్నారా? అనను. నేనూ అక్కడే కొంటాను. నెలాఖర్లో గుడ్లు వెనక్కి తీసేయించిన మనిషి వేరే ఎక్కడ కొనగలదు? నాతో పనిచేసినవాళ్ళంతా షిఫ్ట్ అయ్యాక అదే దుకాణంలో సరుకులు కొనుక్కుని ఇంటికెళ్ళేవాళ్ళు. ధర తక్కువగా ఉండటం తప్పు కాదు. అట్టపెట్టె చింపి పెట్టడంలో, రకాలు తగ్గించడంలో, ఎక్కువ బార్‌కోడ్లు వెయ్యడంలో మిగిలే డబ్బు నిజంగా తెలివైన డబ్బు. ఒక మనిషి మోకాళ్ళలోంచి, వారం గంటలు 30 దాటకుండా చూసే షెడ్యూలులోంచి మిగిల్చేది వేరే డబ్బు. రెండూ రసీదు మీద ఒకే ధరలో కలిసిపోయి ఉంటాయి. మనకి విడివిడిగా కనిపించవు. కుర్చీకి చట్టం తెచ్చుకున్న కేరళ ఆడవాళ్ళు, కనీస వేతనానికి ఓటేసిన అరిజోనా జనం చేసింది ఆ రెంటినీ విడదీయడమే. అలాంటి ఓటు ఈసారి మీ బ్యాలెట్‌లో కనిపిస్తే, మీకు ఓటుంటే, మర్చిపోకండి.

ఓటు లేనివాళ్ళం చేయగలిగింది కూడా కొంత ఉంది. బరువైన పాల క్యాన్లు, నీళ్ళ కేసులు బండిలోనే ఉంచి బార్‌కోడ్ పైకి కనిపించేలా పెట్టండి, చేతి యంత్రంతో కొట్టుకుంటారు. గుడ్లు చివర్లో పెట్టండి. వద్దనుకున్న ఐస్‌క్రీమ్ బిస్కట్ల అరలో వదిలెయ్యకుండా కౌంటర్లో ఇచ్చెయ్యండి, దాన్ని వెతుక్కుంటూ ఎవరో ఒకరు తిరగాలి. మీ వెనక వరస పెరుగుతుంటే కౌంటర్ మనిషి మీద విసుక్కోకండి, ఇంకో కౌంటర్ తెరవడానికి మనుషుల్లేరు, పెట్టుకోలేదు. కౌంటర్లో మీకు తెలిసిన తెలుగు మొహం కనిపిస్తే పక్క వరసలోకి పోకండి. ఇంట్లో పిల్లలు ఎలా ఉన్నారని అడగండి. సమాధానం చెప్పేలోపు సరుకంతా కొట్టేస్తారు, వాళ్ళ అంకె ఏమీ తగ్గదు.